చెస్ బోర్డుకి చెక్క: గట్టిదనం చూడాలా, కదలిక చూడాలా?

బంటు64:
అందరికీ నమస్కారం. సొంత చేతులతో ఒక చెస్ బోర్డు చేసుకోవాలని ఎన్నాళ్లుగానో కోరిక. గడి 55 మిల్లీమీటర్లు, మందం 20. తెల్ల గళ్లకి మేపుల్ అని తేల్చుకున్నాను. నల్ల గళ్ల దగ్గరే ఆగిపోయాను. వాల్‌నట్, టేకు, పడౌక్, వెంగే నాలుగూ అందుబాటులో ఉన్నాయి. ఒకరు "ఎంత గట్టి చెక్కయితే అంత మంచిది, వెంగే తీసుకో" అంటున్నారు. ఇంకొకరు వాల్‌నట్ తప్ప వేరేది ముట్టుకోవద్దంటున్నారు. మీరేమంటారు?

ఉలిదెబ్బ:
వెంగేనే. చెక్క గట్టిదనం కొలిచే జాంకా లెక్కలో వాల్‌నట్ 1010, మేపుల్ 1450, వెంగే 1900 పైమాటే. లోపల బరువు పోసిన రాజు వాల్‌నట్ మీద పడితే సొట్ట పడుతుంది. ఇంకో సంగతి: గట్టి చెక్క పక్కన మెత్తటి చెక్క ఉంటే శాండ్‌పేపర్ మెత్తదాన్నే ఎక్కువ తినేస్తుంది. నల్ల గళ్లు పల్లం పడతాయి. కంటికి కనపడకపోయినా అరచేత్తో నిమిరితే తెలిసిపోతుంది.

చేవకర్ర:
ఉలిదెబ్బ గారూ, పల్లం సంగతి నిజమే. అందుకే చివర్లో శాండ్‌పేపర్ పక్కన పెట్టి స్క్రేపర్‌తో గీకమంటాను. కానీ గట్టిదనం చాలక పాడైన బోర్డు నేనింతవరకూ చూడలేదు. చెక్క కదలిక వల్ల, అంటే తేమ మారినప్పుడు ఉబ్బడం, కుంచించుకుపోవడం వల్ల, పాడైనవి చూశాను. నేను చేసిన మొదటి బోర్డు అలాగే పోయింది.

అది మేపుల్, టేకు కలిపి చేసింది. పద్ధతి అందరికీ తెలిసిందే: నాలుగు తెల్ల పట్టీలు, నాలుగు నల్ల పట్టీలు మార్చి మార్చి అతికించి, అడ్డంగా ఎనిమిది ముక్కలు కోసి, ఒకటి విడిచి ఒకటి తిప్పి మళ్లీ అతికించడం. టేకులో నూనె ఉంటుందని అతికించే ముందు అసిటోన్‌తో తుడిచాను కూడా. చుట్టూ ఫ్రేమ్ పెట్టి నాలుగు వైపులా బంకతో బిగించేశాను. చేసిన రోజు అద్దంలా ఉంది. ముసురు పట్టిన రోజులొచ్చేసరికి ఫ్రేమ్ మూలలు రెండు నోరు తెరిచాయి. వరుసల మధ్య అతుకు అక్కడక్కడా వెంట్రుక మందాన విడిపోయింది.

కారణం తర్వాత అర్థమైంది. పచ్చి చెక్క పూర్తిగా ఎండేసరికి మేపుల్ దాని వయసు వలయాల వెంట 9.9 శాతం కుంచించుకుపోతుంది. టేకు 5.3 శాతమే. ఎండిన తర్వాత కూడా గాలిలో తేమ పెరిగినా తగ్గినా రెండూ అదే తేడాతో కదులుతుంటాయి. మన పద్ధతిలో ప్రతి తెల్ల గడికీ పై వరుసలోనూ, కింది వరుసలోనూ నల్ల గడే ఉంటుంది. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ కదిలితే ఆ ఒరిపిడంతా అతుకు మీదే పడుతుంది. రెండోసారి వేసే అతుకు చెక్క కొసకీ కొసకీ మధ్య పడేది, అసలే బలహీనం.

కాబట్టి నా ప్రశ్న ఒకటే: రెండు చెక్కలూ కలిసి కదులుతాయా, లేదా? క్వార్టర్ సాన్ పలకల్లో, అంటే కొస నుంచి చూస్తే వలయాలు నిలువుగా కనపడే పలకల్లో, మేపుల్ కుంచించుకునేది 4.8 శాతం, వాల్‌నట్ 5.5. దాదాపు జంట. టేకు అక్కడ కూడా 2.6 దగ్గరే ఉంటుంది. ఎంత మంచి చెక్కయినా మేపుల్ పక్కన నప్పదు.

ఉలిదెబ్బ:
చేవకర్ర గారూ, మీ కొలతతోనే కొలుద్దాం. వెంగే క్వార్టర్ సాన్ అయితే 4.8. మేపుల్‌తో సరిగ్గా సమానం. మరి వాల్‌నట్ కన్నా వెంగేనే మంచి జోడీ కదా?

చేవకర్ర:
కదలిక వరకు మీరన్నదే సరి, ఒప్పుకుంటాను. నా అభ్యంతరం వేరే. వెంగే పేడు గుచ్చుకుంటే తొందరగా చీము పడుతుంది, కొత్తగా చేసేవాళ్లకి చెప్పాల్సిన మాట ఇది. రంధ్రాలు కూడా పెద్దవి, నింపకపోతే నునుపు రాదు. ఇంకా పెద్ద ఇబ్బంది రంగు. నూనె పట్టించాక వెంగే దాదాపు నలుపు. నల్ల గడిలో నల్ల గుర్రం నిలబడితే కన్ను వెతుక్కోవాలి.

నిదానం:
రంగు మాట వచ్చింది కాబట్టి పడౌక్ గురించి నేను చెబుతాను. కోసినప్పుడు కుంకుమలా ఉంటుంది, మనసు లాగేస్తుంది. శాండ్‌పేపర్ పట్టగానే ఆ ఎర్ర పొడి మేపుల్‌లోకి ఎక్కింది, నా తెల్ల గళ్లన్నీ గులాబీ రంగయ్యాయి. దాని మీద షెల్లాక్ (స్పిరిట్‌లో కరిగించిన లక్క పూత) వేస్తే స్పిరిట్‌లో ఎరుపు కరిగి ఇంకా పాకింది. ఇంతా చేస్తే ఆ ఎరుపు నిలిచేది కాదు, వెలుతురు తగిలేకొద్దీ గోధుమరంగులోకి దిగుతుంది.

వాల్‌నట్ వాళ్లూ ఒకటి గుర్తుంచుకోండి. ఏళ్లు గడిచేకొద్దీ వాల్‌నట్ తేలికవుతుంది, మేపుల్ పసుపెక్కుతుంది. తేడా తగ్గుతూ వస్తుంది. అందుకే బాగా ముదురు రంగున్న చేవ ముక్కలే ఏరుకోండి, తెల్లగా ఉండే అంచు చెక్క కలవనివ్వకండి. మెరిసే పాలిష్ వద్దు. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే ప్రమాణాల్లో కూడా గడి 5 నుంచి 6 సెంటీమీటర్లు, పైభాగం మెరవకూడదు అనే ఉంది. దీపం వెలుగు బోర్డు మీద తళుక్కుమంటుంటే గంటల తరబడి ఆడలేం.

బంటు64:
మీ మాటలు చదివి వెళ్లి పలకల కొసలు చూసొచ్చాను. వాల్‌నట్ ఐదు పలకల్లో రెండింటికే వలయాలు నిలువుగా ఉన్నాయి. ఆ రెండూ సరిపోతాయి. ఫ్రేమ్ సంగతి మాత్రం ఇంకా అనుమానమే. అసలు బంక పెట్టొద్దంటారా?

చేవకర్ర:
ఫ్రేమ్ లోపలి అంచులో గాడి తీసి బోర్డుని అందులో కూర్చోబెట్టండి. వలయాలు ఎటున్నా చెక్క పొడవునా దాదాపు కదలదు, అడ్డంగానే కదులుతుంది. మీ బోర్డు 440 మిల్లీమీటర్లు. చెక్కలో తేమ 4 శాతం మారితే క్వార్టర్ సాన్‌లో అడ్డంగా సుమారు 3 మిల్లీమీటర్లు, మామూలు కోతలో 5 దాటుతుంది. ఆ మేరకు గాడిలో చోటు వదలండి. బంక అడ్డం వైపు మధ్యలో ఒక్క చుక్క చాలు. నూనె పైనా కిందా సమానంగా పట్టించండి, లేకపోతే బోర్డు దోసిలిలా వంగుతుంది.

ఉలిదెబ్బ:
నేనైతే వెంగేతోనే చేస్తాను, క్వార్టర్ సాన్ చూసి. పావులు నలుపు కాకుండా ఎరుపు పెట్టుకుంటాను. బంటు64, మీరు మాత్రం కోసే ముందు పలకలు పని చేసే గదిలోనే ఉంచి వారానికోసారి తూకం వేయండి. బరువు మారడం ఆగాక రంపం పట్టండి.

బంటు64:
ఈ రోజు తూకం 3 కిలోల 140 గ్రాములు. పలక మీదే పెన్సిల్‌తో రాసిపెట్టాను.