వాయిస్ టైపింగ్‌లో తప్పులు దిద్దేది ఎట్టా?

కావలి నుంచి: అన్నా, దస్తావేజుల డ్రాఫ్టులు ఫోన్లో మాట్లాడి టైప్ చేస్తుండా, మామూలు మాటలు బాగానే పడతాయి గానీ అంకణం (స్థలం కొలత) అని పలికితే ఆంగనం అని, చెక్కుబందీ (స్థలానికి నాలుగు పక్కల హద్దులు) అని పలికితే చెక్కు బంద్ అని పడతది, చెరిపి మళ్ళీ కొట్టేసరికి టైమంతా దానికే పోతుండాది.

ఒంగోలు నుంచి: కంప్యూటరుంటే క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి టూల్స్‌లో వాయిస్ టైపింగ్ పెట్టు తమ్ముడూ, భాష తెలుగు ఎంచుకో. మధ్యలో ఆగి దిద్దబాక, పేరా అంతా చెప్పేయ్. తర్వాత బూడిద రంగు గీత ఉన్న మాట మీద రైట్ క్లిక్ కొడితే వేరే మాటలు చూపిస్తది. ఎప్పుడూ ఒకే రకంగా తప్పు పడేదాన్ని కంట్రోల్ హెచ్ కొట్టి అన్నిచోట్లా ఒకేసారి మార్చేయ్.

ఆత్మకూరు నుంచి: ఒక్కో మాట విడిగా పలకబాకయ్యా, వాక్యం మొత్తం చెప్పు, పక్క మాటల్ని బట్టే అది పోల్చుకుంటది. ఫ్యాను కింద కూర్చోబాక. సర్వే నంబర్లు, విస్తీర్ణం మాత్రం చేత్తోనే కొట్టు, అక్కడ ఒక్క అంకె మారినా రిజిస్ట్రేషనయ్యాక సవరణ దస్తావేజు రాయించాల్సొస్తది, పాపం ఆ రైతుకి మళ్ళీ తిరుగుడు.

కావలి నుంచి: ఫోన్లో కూడా ఒకేసారి మార్చొచ్చా?

ఒంగోలు నుంచి: డాక్స్ యాప్‌లో పైన మూడు చుక్కలు నొక్కు, ఫైండ్ అండ్ రీప్లేస్ ఉంటది.