పదో తరగతి అబ్బాయి ఫోన్‌లో అలాంటి వీడియోలు కనిపించాయి, ఏం చేయాలి?

ప్రశ్న: ఒక తల్లి, అంబాజీపేట దగ్గర

మా బాబు పదో తరగతి. వాళ్ళ నాన్నగారు కువైట్‌లో ఉంటారు, ఇంట్లో నేనూ, అత్తయ్యగారూ, మావయ్యగారూ. మొన్న కరెంటు బిల్లు కడదామని వాడి ఫోన్ తీస్తే గ్యాలరీలో బూతు వీడియోలు కనిపించాయండి, టెలిగ్రామ్‌లో ఏవో గ్రూపులు కూడా ఉన్నాయి. నేను చూసినట్టు వాడికి తెలియదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. ఆయనకి చెబితే వీడియో కాల్‌లోనే కేకలేస్తారు, మావయ్యగారికి తెలిస్తే కొట్టేస్తారు. ఫోన్ తీసేసుకుందామంటే హోంవర్కు, నోట్సులు అన్నీ స్కూలు వాళ్ళు వాట్సాప్‌లోనే పెడుతున్నారు. ఇలాంటి విషయం కొడుకుతో తల్లి ఎలా మాట్లాడుతుందండీ? ఇవి రాకుండా చేసే సెట్టింగ్ ఏదైనా ఉంటే చెప్పండి, చాలు.

జవాబు: మొబైల్ షాపు, రావులపాలెం

కంగారు పడకండి అక్కా, ఇదే అడుగుతూ మా షాపుకి చాలామంది వస్తారు. ముందు ఒక సంగతి, గ్యాలరీలో ఉన్నవన్నీ బాబు వెతుక్కుని దింపుకున్నవే అనుకోకండి. ఆటో డౌన్‌లోడ్ ఆన్‌లో ఉంటే గ్రూపులో ఎవడో పెట్టింది దానంతట అదే ఫోన్‌లోకి దిగిపోతుంది. వాట్సాప్, టెలిగ్రామ్ రెండింటిలోనూ అది ఆపేయండి. ప్రైవసీలో గ్రూప్స్ అని ఉంటుంది, అక్కడ మై కాంటాక్ట్స్ పెడితే తెలియనివాళ్ళు బాబుని గ్రూపుల్లో చేర్చలేరు.

ఆండ్రాయిడ్ 9, ఆ తర్వాత వచ్చిన ఫోన్లలో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. డీఎన్ఎస్ అంటే ఏ సైటు ఎక్కడుందో ఫోన్‌కి చెప్పే చిరునామా పుస్తకం లాంటిది. అందులో క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ కుటుంబాల కోసం ఇచ్చే ఫ్యామిలీ అడ్రస్ పెడితే అలాంటి సైట్లు చాలావరకు తెరుచుకోవు, వైఫైలో అయినా సిమ్ డేటాలో అయినా. ఇంట్లో ఫైబర్ నెట్ ఉంటే రౌటర్‌లో డీఎన్ఎస్ దగ్గర 1.1.1.3, 1.0.0.3 వేయించండి, ఆ వైఫై వాడే టీవీకీ మిగతా ఫోన్లకీ కూడా పనిచేస్తుంది. గూగుల్‌లో సేఫ్ సెర్చ్, యూట్యూబ్‌లో రెస్ట్రిక్టెడ్ మోడ్ ఆన్ చేయండి. పిల్లల ఫోన్‌ని పెద్దవాళ్ళు చూసుకోడానికి గూగుల్ ఇచ్చే ఫ్యామిలీ లింక్ యాప్ పెట్టుకుంటే కొత్త యాప్ వేయాలన్నప్పుడు మీ అనుమతి అడుగుతుంది, రాత్రి మీరు పెట్టిన టైముకి ఫోన్ లాక్ అయిపోతుంది.

కానీ ఉన్నమాట చెప్పాలి. నెట్‌ని వేరే దారిలో తిప్పే వీపీఎన్ యాప్ వేస్తే సైట్లు మళ్ళీ తెరుచుకుంటాయి, టెలిగ్రామ్‌లో వచ్చేదాన్ని డీఎన్ఎస్ ఆపలేదు. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశంతో కేంద్రం 827 సైట్లు ఆపించింది, ఆపిన వాటిలో కొన్ని పేరు కాస్త మార్చుకుని మళ్ళీ వచ్చేశాయి. చిన్న పిల్లల ఫోన్ అయితే ఇవన్నీ పెట్టి భరోసాగా పంపిస్తాను, పదో తరగతి కుర్రాడి ఫోన్‌కి ఆ భరోసా ఇవ్వలేను అక్కా.

జవాబు: రిటైర్డ్ బయాలజీ మాస్టారు, పాలకొల్లు

అమ్మా, తమ్ముడు చెప్పినవి పెట్టించండి, కాకపోతే బాబుకి చెప్పి వాడి ఎదురుగానే పెట్టించండి. దొంగచాటుగా పెడితే తొందరగానే కనిపెడతాడు, ఆ తర్వాత ఏ విషయమూ మీ దాకా రాదు. నా భయమంతా దాని గురించేనమ్మా. ఇన్‌స్టాలో అమ్మాయి ఫొటో పెట్టుకుని ఎవడో మాట కలుపుతాడు, వీడియో కాల్‌లో బట్టలు తీయమంటాడు, రికార్డు చేసి డబ్బు పంపు, లేకపోతే మీ నాన్నకీ స్కూలు గ్రూపుకీ పంపిస్తానంటాడు. ఇంట్లో తెలిస్తే చంపేస్తారనుకునే పిల్లాడు దొరికినంత డబ్బు పంపుతూనే ఉంటాడు, ఇంక దారి లేదనుకుని ప్రాణాల మీదికి తెచ్చుకున్న పిల్లలున్నారు. అలాంటి రోజు వస్తే మీ బాబు పరిగెత్తుకుని మీ దగ్గరకే రావాలి. ఇప్పుడు మీరు ఎలా మాట్లాడతారన్నదాన్ని బట్టే అది ఉంటుంది.

ఎదురుగా కూర్చోబెట్టి పంచాయితీ పెట్టకండి. బండి మీద వెళ్తున్నప్పుడో, ఇద్దరూ కలిసి ఏదో పని చేస్తున్నప్పుడో, ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేని చోట మొదలుపెట్టండి. ఈ మాదిరిగా చెప్పొచ్చు: "నాన్నా, నీ ఫోన్‌లో కొన్ని వీడియోలు చూశాను. నిన్ను కొట్టను, ఊళ్ళో ఎవరికీ చెప్పను. నీ వయసులో తెలుసుకోవాలనిపిస్తుంది, అందులో తప్పు లేదు. అయితే అవి డబ్బు కోసం తీసినవి, నటన. కొన్ని బలవంతంగా, వాళ్ళకి తెలియకుండా తీసినవి కూడా. నిజంగా మనుషులు అలా ఉండరు. ఒకమ్మాయి వద్దంటే అక్కడితో ఆగాలి, ఆ వీడియోలు ఇది నేర్పవు. ఎవరైనా నిన్ను బెదిరిస్తే, నువ్వు ఏం చేసి ఉన్నా సరే, ముందు నాకు చెప్పు." అంతే, ఐదు నిమిషాలు. వాడు మాట్లాడడు, మాట్లాడాలని ఎదురుచూడకండి. ఎప్పటి నుంచి చూస్తున్నావు, ఎవడు నేర్పాడు అని మాత్రం అడగొద్దు, అడిగితే అబద్ధం చెప్పక తప్పదు వాడికి.

ఇంకొకటుంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. హస్తప్రయోగం వల్ల నరాల బలహీనత వస్తుందని, వీర్యం పోతే చదువు బుర్రకెక్కదని మగపిల్లలు లోలోపల కుమిలిపోతుంటారు. నా దగ్గర చదువుకున్నవాళ్ళు పెద్దయ్యాక ఈ మాట చెబుతుంటే చాలా బాధేసింది. గోడల మీద ప్రకటనలు చూసి, నెలకోసారి లాడ్జిలో దిగే నకిలీ వైద్యులకి డబ్బు పోస్తారు. దానివల్ల ఏ బలహీనతా రాదు, వైద్యశాస్త్రం స్పష్టంగా చెప్పిన విషయమే. మీకు నోరు రాకపోతే వాడి మేనమామ చేత చెప్పించండి, లేదా ఒక మంచి డాక్టరు చేత. ఎవరో ఒకరు చెప్పి తీరాలి.

నిద్ర మానేసి చూస్తున్నా, ఆటలూ స్నేహితులూ మానేసినా, మానాలనుకున్నా మానలేకపోతున్నానని వాడే అన్నా 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మీ వారికి మాత్రం ఇప్పుడే చెప్పకండి.

జవాబు: కువైట్ నుంచి, మాది మలికిపురం

మాస్టారు గారూ, మిగతా అంతా మీరన్నట్టే గానీ ఆ చివరి మాట నేను ఒప్పుకోనండి. నేను ఇక్కడ ఇంటి పనిలో ఉన్నాను, మా అబ్బాయి మా అమ్మ దగ్గర పెరుగుతున్నాడు. అక్కడేం జరిగినా ఆలస్యంగా తెలిస్తే దూరంగా ఉన్నవాళ్ళకి అది రెట్టింపు నొప్పి, ఆ కోపమంతా పిల్లాడి మీదే పడుతుంది. వదినా, శుక్రవారం ఆయనకి సెలవుంటే బాబు ట్యూషన్‌కి వెళ్ళిన టైములో మీరిద్దరే మాట్లాడుకోండి. కేకలెయ్యాలంటే నా మీద వెయ్యండి, వాడి మీద కాదు అని ముందే గట్టిగా చెప్పండి. ఫ్యామిలీ లింక్ ఇక్కడి నుంచి కూడా పనిచేస్తుంది, కానీ ఆయన చేతిలో పెట్టకండి. రోజూ ఫోన్ చేసి ఎంతసేపు చూశావని లెక్కలడిగే నాన్నతో ఏ పిల్లాడూ ఇంకేమీ మాట్లాడడు. క్రికెట్ గురించి, తోట గురించి మాట్లాడమనండి.

జవాబు: ఒక ఆడపిల్ల తల్లి, భీమవరం

మగపిల్లల తల్లులందరికీ చేతులెత్తి చెబుతున్నాను, దయచేసి ఇది కూడా చెప్పండి. క్లాసులో అమ్మాయి ఫొటో, వీడియో ఏదైనా గ్రూపులో వస్తే ఫార్వర్డ్ చేయకూడదు, దాచుకోకూడదు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలున్న అలాంటి వీడియో పంపడం, దింపుకోవడం ఐటీ చట్టం 67బి కింద నేరం. డిలీట్ చేయకుండా, రిపోర్ట్ చేయకుండా ఉంచుకున్నా పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసు అవ్వచ్చు, 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దీని మీదే తీర్పిచ్చింది. పంపినవాడు కూడా మైనరే అయితే జువెనైల్ బోర్డు ముందు నిలబడాలి. అక్కడ ఆ అమ్మాయి స్కూలు మానేసి ఇంట్లో కూర్చుంటుంది, ఇది మా బంధువుల్లోనే చూశాం.

బెదిరింపు వస్తే డబ్బు పంపొద్దు. చాట్, నంబరు, ప్రొఫైల్ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని అకౌంట్ రిపోర్ట్ చేసి బ్లాక్ చేయండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, పిల్లలకి సాయం కావాలంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. పిల్లల ఫొటో నెట్‌లోకి వెళ్ళిపోతే టేక్ ఇట్ డౌన్ అనే సర్వీసు ఉంది. ఫొటో ఎవరికీ పంపక్కర్లేదు, ఆ ఫొటో నుంచి తయారయ్యే కోడ్ లాంటి గుర్తు మాత్రం మీ ఫోన్‌లోంచే వెళ్తుంది, అందులో చేరిన సైట్లూ యాప్‌లూ ఆ ఫొటోని పట్టుకుని తీసేస్తాయి.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ దండాలండి. నిన్న అమలాపురం నుంచి బండి మీద వస్తూ చెప్పేశాను. ఒక్క మాట కూడా అనలేదు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు, నాకు టెన్షన్‌గా ఉంది. ఆయనతో శుక్రవారం మాట్లాడతాను. మావయ్యగారికి ఏం చెప్పాలి?

జవాబు: మాస్టారు

సిగ్గుపడ్డాడమ్మా, అంతే. పొద్దున్నే మామూలుగా టిఫిన్ పెట్టండి, మామూలుగా మాట్లాడండి, కొన్నాళ్ళు ఆ ఊసెత్తకండి. రాత్రి పది దాటాక ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లోనే ఛార్జింగ్ పెట్టాలని చెప్పండి, మీదీ మావయ్యగారిదీ కూడా. ఆయన అడిగితే పదో తరగతి పరీక్షల సంవత్సరం కదా అనండి, అంతకు మించి చెప్పక్కర్లేదు. కువైట్ చెల్లెమ్మ మాటే వినండి, దూరంగా ఉండేవాళ్ళ సంగతి తనకే బాగా తెలుసు.

జవాబు: మొబైల్ షాపు

ఆదివారం మధ్యాహ్నం బాబుని తీసుకుని రండి అక్కా, అప్పుడు రద్దీ ఉండదు. ఏది ఎందుకు పెడుతున్నానో వాడికే చూపిస్తూ పెడతాను.