అప్‌డేట్: సాంద్రతల చిక్కు విడిపోయింది

జనసాంద్రతను కొలిచే రెండు పద్ధతులైన అంకగణిత సాంద్రతకూ (జనాభాను మొత్తం విస్తీర్ణంతో భాగిస్తే వచ్చేది) ఫిజియలాజికల్ సాంద్రతకూ (సాగుభూమితో మాత్రమే భాగిస్తే వచ్చేది) తేడా ఏమిటని ఇంతకుముందు అడిగాను; మీరు సూచించినట్లు ఈజిప్టు లెక్కను కాగితం మీద వేసి చూశాక విషయం స్పష్టమైంది. దాదాపు 10 లక్షల చదరపు కిలోమీటర్ల ఆ దేశంలో 10 కోట్లకు పైగా జనాభా ఉంది కనుక, మొత్తం విస్తీర్ణంతో భాగిస్తే చదరపు కిలోమీటరుకు 100 మందికి కాస్త ఎక్కువగా తేలుతుంది, ఇదేమంత ఇరుకు కాదనిపిస్తుంది. అయితే సాగుభూమి సుమారు 4 శాతమే కావడంతో, అదే జనాభాను ఆ నేలతో మాత్రమే భాగించేసరికి సంఖ్య 2,500 దాటింది. నైలు నది వెంబడి జనం ఎంతగా కిక్కిరిసి ఉన్నారో నాకు అప్పుడు గానీ తెలిసిరాలేదు.

నా పొరపాటల్లా ఫిజియలాజికల్ సాంద్రత లెక్కలో, మొత్తం జనాభాకు బదులు, లవంలో రైతులను మాత్రమే పెట్టడం. అలా చేస్తే వచ్చేది వ్యవసాయ సాంద్రత, అది వేరే కొలత.