సమస్యాపూరణం: “బరువు తగ్గు కొలది బాధ పెరిగె”

మాస్టారు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, పై మూడూ మీవి. విషయం: రోజూ ఆఫీసు పనికి వాడే ల్యాప్‌టాప్. కొనేటప్పుడు అందరూ ముందు “ఎన్ని కిలోలు?” అని అడుగుతున్నారు కాబట్టి ఈ సమస్య. స్పెక్ షీటు అప్పజెప్పకండి, పద్యం రాయండి.

నెట్‌వర్క్ ఇంజనీరు:

పోర్టు లన్ని తీసి పొంకమ్ము పెంచిరి
డాంగి లొకటి వచ్చె డబ్బు పోయె
సంచి నిండ వైర్ల చాంతాళ్ళు చేరగా
బరువు తగ్గు కొలది బాధ పెరిగె

మాస్టారు: గణాలు, యతి సరిపోయాయి. కానీ సంచి నిండా వైర్లు చేరాక బరువు తగ్గిందెక్కడ? తగ్గింది యంత్రం బరువేనని పాఠకుడికి తెలియాలి. “పొంకమ్ము పెంచిరి” తీసేసి “పొట్ట తగ్గించిరి” అనండి, రగణం, భగణం కుదురుతాయి.

ఇంజనీరు: భలే ఉందండీ. డాంగిలంటే పోయిన పోర్టుల కోసం బయట తగిలించుకునే ముక్క. నిజానికి పొట్ట తగ్గించడంలో మొదట పోయేది లాన్ పోర్టే (నెట్‌వర్క్ వైరు గుచ్చే చోటు), ఆ మూతి ఎత్తు పల్చటి అంచులో పట్టదు. వైఫై రాని సర్వర్ రూములో నిలబడితే తెలుస్తుంది.

అకౌంట్స్ అమ్మాయి:

ర్యాము నతికినారు రాదయ్య పెంచంగ
ఎక్సె లొకటి తెరువ నేడ్చు చుండు
పట్టి చూడ నెంత పలుచనో, పనిలోన
బరువు తగ్గు కొలది బాధ పెరిగె

మాస్టారు: రెండో పాదం చదివి నవ్వుకున్నాను. ఎ, ఏ స్వరయతి హాయిగా పడింది. అడిగింది ఇలాంటి పూరణే.

ఇంజనీరు: బోర్డుకు సోల్డర్ చేసి అతికిన ర్యామ్ (పని నడుస్తున్నప్పుడు వాడే మెమరీ) మామూలుగా కరెంటు తక్కువ తాగుతుంది, అదీ చెప్పాలి. కాకపోతే కొన్ననాడే 16 జీబీ తీసుకోవాలి, తర్వాత మార్చలేం. స్లాటున్న మోడళ్లు కాస్త లావుగా ఉంటాయి.

సేల్స్ తమ్ముడు:

బ్యాటరీ చిన్నదాయె బ్యాగులో ఛార్జరు
గోడ వెంట తిరుగు కోటి పాట్లు
మాట లాడు చుండ మసకాయె తెర యెల్ల
బరువు తగ్గు కొలది బాధ పెరిగె

మాస్టారు: తమ్ముడూ, మొదటి పాదంలో గణభంగం. “బ్యాట” తర్వాత “రీచి” రెండూ గురువులే, సూర్యగణం (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు) కాదు. “బ్యాటరి సగమాయె బ్యాగులో ఛార్జరు” అంటే సరి. మూడో పాదం మాత్రం క్లయింటు ముందు కూర్చున్నవాడే రాయగలడు.

ఇంజనీరు: బాక్సు మీద ఉన్న గంటలు చూసి కొన్నావా? చాలావరకు అవి వీడియో ఆడించి కొలిచినవి, వీడియో కాల్‌లో అంత రావు. వాట్-అవర్లు చూడు, బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క అది. విమానంలో మామూలుగా 100 వరకు ఒప్పుకుంటారు, పల్చటివాటిలో అందులో సగం పైచిలుకు ఉంటుంది.

రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు:

కార్బను తొడు గనిరి కడు తేలి కనిరయ్య
ధరను చూడ గుండె దడద డనియె
కిస్తు లెన్నొ కలవు, కృశియించు జేబుకు
బరువు తగ్గు కొలది బాధ పెరిగె

మాస్టారు: బరువును ల్యాప్‌టాప్ మీంచి జేబులోకి మార్చేశారు! నాకు అన్నిటికన్నా ఇదే నచ్చింది. “కలవు” దగ్గర ఆగి చదవాలి, లేకపోతే కిస్తులే కృశించినట్టు వినిపిస్తుంది.

ఆఫీసరు: మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ (మన దగ్గరికే వచ్చి బాగుచేసేది) కూడా ఆ కిస్తుల్లోనే కలిపారండీ. అది పద్యంలో పట్టలేదు.