అలాస్కా క్రూజ్‌లో బాల్కనీ గది తీసుకోవాలా? ఆ చలికి ఎవరైనా బయట కూర్చుంటారా?

కర్నూలు_బురుజు:
అందరికీ నమస్తే. మే చివర్లో అమ్మానాన్నను అలాస్కా క్రూజ్‌కి తీసుకెళ్దామని చెల్లెలు పట్టుబట్టింది, తను ఉండేది అమెరికాలోని సియాటిల్‌లో. ఏడు రాత్రుల ట్రిప్పు, సియాటిల్‌లో ఎక్కి మళ్లీ అక్కడే దిగడం. తేలనిది గది సంగతి ఒక్కటే. కిటికీ కూడా లేని లోపలి గదికీ బాల్కనీ గదికీ ధర దాదాపు రెట్టింపు చూపిస్తోంది. "చలిలో వణకడానికి కూడా డబ్బు కట్టాలా" అంటాడు నాన్న. అమ్మకేమో మోకాళ్ల నొప్పులు, డిసెంబర్‌లో మన కర్నూలు చలికే మంకీ క్యాప్ తీయదు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, బాల్కనీ నిజంగా వాడారా లేక తడి తువ్వాళ్లు ఆరేసుకోడానికేనా?

పెన్న_గట్టు (కడప):
తువ్వాళ్లు ఆరేయనివ్వరు అన్నా, గాలికి ఎగిరిపోతాయని చాలా షిప్పుల్లో ఒప్పుకోరు :)
మేం బాగానే వాడాం. అయితే గోవాలో కూర్చున్నట్టు గంటలు గంటలు కూర్చునేది కాదు. పొద్దున కాఫీ చేత్తో పట్టుకొని ఐదు నిమిషాలు, మైకులో తిమింగలం అనగానే ఐదు నిమిషాలు, రాత్రి పడుకునే ముందు ఇంకోసారి, ఇలా రోజుకు లెక్కలేనన్ని సార్లు తలుపు తీస్తాం. చలి మీరనుకున్నంత ఘోరంగా ఏమీ ఉండదు, మే నుంచి సెప్టెంబర్ వరకు పగలు 10 నుంచి 18 డిగ్రీల మధ్య తిరుగుతుంటుంది. ఇబ్బంది పెట్టేది గాలి. షిప్ గంటకు 35 కిలోమీటర్ల పైన పోతుంటే, 8 డిగ్రీలున్న పూట ఒంటికి 3, 4 డిగ్రీల్లా తగులుతుంది. పై డెక్ (షిప్ పై అంతస్తు) మీద ఆ గాలంతా మొహం మీదే కొడుతుంది. బాల్కనీకి రెండు పక్కలా గోడలు, పైన కప్పు ఉంటాయి కాబట్టి అంత తెలియదు. మా అత్త గదిలోని రగ్గు కప్పుకొని, చీర లోపల థర్మల్స్ (చలికి వేసుకునే వెచ్చని లోదుస్తులు) వేసుకొని, గ్లేసియర్ (మంచునది) చూసినంతసేపు అక్కడి నుంచి కదల్లేదు. ఇంకో రగ్గు కావాలంటే గది చూసుకునే అబ్బాయిని అడగండి, ఇస్తారు. కుర్చీలు మాత్రం ఎప్పుడూ తడిగానే ఉంటాయి, తుడుచుకొని కూర్చోవాల్సిందే.

అనంత_ఎండ:
నేను ఒప్పుకోను. మేం లోపలి గది తీసుకున్నాం, మిగిలిన డబ్బుతో జూనోలో తిమింగలాలు చూపించే చిన్న పడవ ఎక్కాం, దానికి సాటి వచ్చేది ఏ బాల్కనీ కాదు. పైగా బాల్కనీ నుంచి ఒక్క వైపే కనిపిస్తుంది కదా. "ఎడమ వైపు తిమింగలాలు" అని చెప్తారు, నీ గది కుడి వైపు ఉంటుంది, జాకెట్ వేసుకొని కారిడార్ అంతా పరిగెత్తి వెళ్లేసరికి తోక కూడా మిగలదు. అదే డెక్ మీద నిలబడి ఉంటే రెండు వైపులా మనవే. లోపలి గది గురించి ఇంకోటి ఎవరూ చెప్పరు: జూన్‌లో అక్కడ సూర్యుడు దిగేది రాత్రి పది దాటాక, మళ్లీ తెల్లవారుజామున నాలుగుకే వచ్చేస్తాడు. లోపలి గదిలో చీకటి గుయ్యారం, హాయిగా నిద్ర పడుతుంది.
వాన గురించి కూడా ముందే చెప్తున్నా. కెచికాన్ అని ఒక ఊళ్లో ఆపుతారు, అక్కడ ఏడాదికి పడే వాన 3,500 మిల్లీమీటర్ల పైనే. మన అనంతపురంలో పడేది 550 దగ్గర. నేను మాత్రం సంతోషంగా తడిశాను. స్వెటర్ల మీద పెట్టే డబ్బులో సగం మంచి రెయిన్ జాకెట్ మీద పెట్టండి.

గుత్తి_జంక్షన్:
బాల్కనీ కావాలా వద్దా అన్నది తర్వాత, గది షిప్‌లో ఎక్కడుంది అన్నది ముందు చూడండి. దీన్ని జనం పట్టించుకోరు, తర్వాత నిద్ర లేక తిట్టుకుంటారు.
కంపెనీ సైట్‌లో డెక్ ప్లాన్ ఉంటుంది. మీ గదికి సరిగ్గా పైన ఏముంది, కింద ఏముంది చూడండి. పైన భోజనశాల గానీ ఈతకొలను గానీ ఉంటే తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు. కింద థియేటర్ ఉంటే రాత్రి పాటలు. పైనా కిందా గదులే ఉన్న డెక్ అన్నిటికంటే ప్రశాంతం. ముందు కొసనా వెనక కొసనా వద్దు, అలలొచ్చినప్పుడు బస్సులో వెనక సీటులో కూర్చొని శ్రీశైలం ఘాట్ ఎక్కినట్టే. మధ్యలో, కొంచెం కింది డెక్‌లో ఊపు తక్కువ. అమ్మగారి మోకాళ్లకు లిఫ్ట్ దగ్గర అవుతుంది, కానీ లిఫ్ట్‌కి ఎదురుగానే వద్దు, రెండు మూడు గదులు అవతల తీసుకోండి. కొన్ని బాల్కనీ గదులు చవగ్గా కనిపిస్తాయి, ముందు లైఫ్‌బోట్ అడ్డంగా వేలాడుతుంటుంది, ఆ ముక్క చిన్న అక్షరాల్లో రాస్తారు. "గ్యారంటీ" అని అమ్మే గదులు కూడా మీకు వద్దు, అంటే బాల్కనీ రకం గది ఇస్తాం గానీ ఎక్కడ ఇస్తామో మా ఇష్టం అని.
ఇంకోటి. సియాటిల్ నుంచి వెళ్లే షిప్పులు ఎక్కువగా కెనడా తీరంలోని వాంకూవర్ ద్వీపానికి పడమటి వైపు, మహాసముద్రంలోంచి పోతాయి. ఆ మొదటి రోజు బాల్కనీలో కనిపించేది నీళ్లే, ఊపు కూడా కొంచెం ఎక్కువ. కెనడాలోని వాంకూవర్ ఊళ్లో బయల్దేరేవైతే దీవుల మధ్య నుంచి, రెండు వైపులా అడవులు చూపిస్తూ పోతాయి. బాల్కనీకి పెట్టిన డబ్బుకు ఆ దారిలోనే ఎక్కువ న్యాయం జరుగుతుంది.

కర్నూలు_బురుజు:
చాలా థ్యాంక్స్ గుత్తి అన్నా, ఈ డెక్ ప్లాన్ సంగతి ఏజెంట్ ఒక్క మాట చెప్పలేదు. ఎడమ వైపు తీసుకోవాలా కుడి వైపా? ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు.

పెన్న_గట్టు (కడప):
మీది వెళ్లి తిరిగొచ్చే ట్రిప్ కదా, ఏ వైపైనా ఒకటే. పోయేటప్పుడు తీరం కుడి వైపు ఉంటే వచ్చేటప్పుడు ఎడమ వైపు ఉంటుంది. వాంకూవర్‌లో ఎక్కి పైన అలాస్కాలోని విట్టియర్‌లోనో సీవార్డ్‌లోనో దిగిపోయేవాళ్లకు కుడి వైపు మంచిది, అక్కడ ఎక్కి కిందికి వచ్చేవాళ్లకు ఎడమ వైపు.
గ్లేసియర్ దగ్గర ఆ బాధే లేదు. గ్లేసియర్ బేలో మార్జరీ గ్లేసియర్ ముందు షిప్‌ను మెల్లగా చుట్టూ తిప్పుతారు, రెండు వైపులవాళ్లకూ కనిపిస్తుంది. మంచు విరిగి పడేది చూసేయాలి, చప్పుడు విని తల తిప్పితే ఆలస్యమే. కిలోమీటరు దూరంలో పడితే చప్పుడు మన దాకా రావడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది, అప్పటికి అయిపోయి ఉంటుంది. మీ షిప్ గ్లేసియర్ బేకే వెళ్తుందా అని అడగండి. అది నేషనల్ పార్క్, రోజుకు రెండు పెద్ద క్రూజ్ షిప్పులకే అనుమతి. మిగతావి హబ్బర్డ్ గ్లేసియర్‌కో, ఎండికాట్ ఆర్మ్ లాంటి ఇరుకు దారుల్లోకో పోతాయి. అవీ బాగుంటాయి, కాకపోతే మంచు ముక్కలు ఎక్కువ తేలుతుంటే షిప్ చివరిదాకా పోదు.

ఆదోని_అక్క:
నాది అలాస్కా కాదు, శీతాకాలంలో నార్వే. బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా 34 రేవులు తిరిగే తీరప్రాంతపు షిప్. అక్కడైతే బాల్కనీ దండగ తమ్ముడూ. డిసెంబర్‌లో పై భాగాన సూర్యుడే పైకి రాడు, మధ్యాహ్నం కాసేపు నీలం వెలుతురు, అంతే. ఉత్తర ధ్రువ కాంతులు కనిపిస్తే గదిలో మైక్ మోగుతుంది, అందరూ కోట్లు తగిలించుకొని పై డెక్‌కి పరుగు. ఆకాశం మొత్తం కనిపించాలి కదా, బాల్కనీ కప్పు కింద నిలబడి ఏం చూస్తాం? అలాస్కాలో ఎండాకాలం కాబట్టి మీ లెక్క వేరు.

ప్రొద్దుటూరు_పిల్ల:
గది సంగతి సరే, అమ్మానాన్నకు కెనడా వీసా ఉందా? సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లో దిగినా మధ్యలో విక్టోరియాలోనో ఇంకే కెనడా రేవులోనో ఆపుతారు. 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది, విదేశీ జెండా ఉన్న షిప్ మధ్యలో వేరే దేశం తాకకుండా అమెరికా రేవుల మధ్యే తిప్పి ప్రయాణికులను దించకూడదు. ఈ పెద్ద షిప్పులన్నీ దాదాపు విదేశీ జెండావే. ఆ ఊళ్లో షిప్ దిగకపోయినా మన పాస్‌పోర్ట్‌కు కెనడా వీసా అడుగుతారు, లేకపోతే సియాటిల్‌లోనే ఎక్కనివ్వరు. అమెరికా వీసా కూడా మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి. మే అంటున్నారు, ఇప్పుడే అప్లై చేయండి, డబ్బు మొత్తం కట్టకముందే.

అనంత_ఎండ:
మోకాళ్ల నొప్పులంటే నా మాట కొంచెం వెనక్కి తీసుకోండి. ఆవిడ గంటసేపు డెక్ మీద నిలబడలేరు, అలాంటప్పుడు బాల్కనీయే కరెక్ట్. తలుపు దగ్గర గడప ఎత్తుగా ఉంటుంది, మొదటి రోజే చూపించండి, తలుపు కూడా గాలికి గట్టిగా లాగుతుంది, వేళ్లు జాగ్రత్త. తలుపు తెరిచి ఉంచితే కొన్ని షిప్పుల్లో గదిలో ఏసీ, హీటర్ ఆగిపోతాయి. రేవుల్లో వీల్‌చైర్ కావాలంటే ముందే కంపెనీకి రాయండి.

కర్నూలు_బురుజు:
అయితే ఇలా చేస్తాం. అమ్మానాన్నకు మధ్య భాగంలో బాల్కనీ, నాకూ చెల్లెలికీ ఎదురుగా లోపలి గది. మా పగలంతా వాళ్ల బాల్కనీలోనే ఎలాగూ. నాన్న కూడా ఇద్దరికే కదా ఎక్కువ అని ఒప్పుకున్నాడు. వీసా అప్పాయింట్‌మెంట్ ఇవాళే చూస్తా, అది తేలాకే గది డబ్బు కడతా. అమ్మ ఒక్కటే అడుగుతోంది, కాఫీకి నీళ్లు కాచుకునే కాయిల్ తీసుకెళ్లొచ్చా అని.

పెన్న_గట్టు (కడప):
కాయిల్ వద్దు, ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కర్ కూడా వద్దు, మంటల భయంతో ఎక్కేటప్పుడే తీసుకుంటారు. పై డెక్ భోజనశాలలో వేడినీళ్లు, పాలు దొరుకుతాయి, ఇన్‌స్టంట్ కాఫీ పొడి, మూత గట్టిగా ఉండే ఫ్లాస్క్ తీసుకెళ్లండి చాలు.