రిపోర్టులన్నీ నార్మల్, మరి పొద్దున్నే ఈ కడుపు గోలేంటి?

దిల్‌సుఖ్‌నగర్ కుర్రాడు:
అన్నలూ అక్కలూ, కొంచెం సిగ్గుపడుతూనే అడుగుతున్నా. వయసు 29. ఏడాదిగా పొద్దున లేస్తే చాలు కడుపు మెలిపెట్టేస్తది, ఆఫీసుకి బయల్దేరేలోపు మూడుసార్లు బాత్రూం, వెళ్లొచ్చాక కాసేపు హాయి, మళ్లీ మొదలు. రాయదుర్గం వెళ్లాలంటే అమీర్‌పేట్‌లో మెట్రో మారాలి కదా, సరిగ్గా ఆ మెట్ల మీదే వస్తది, చెమటలు పట్టి గోడకి ఆనుకుని నిలబడిపోతా. రక్తపరీక్ష, స్కానింగ్, కొలనోస్కోపీ అన్నీ నార్మల్. ఐబీఎస్ (ఇరిటబుల్ బవల్ సిండ్రోమ్, అంటే పేగు ఊరికే చికాకుపడే జబ్బు) అని రాసి "టెన్షన్ తగ్గించుకో" అని పంపించేశారు. ఇంట్లో ఆఫీసు ఎగ్గొట్టే నాటకం అంటున్నారు. ఇదంతా నా మనసులోనేనా?

మల్కాజిగిరి అక్క:
నాటకమూ కాదు ఏమీ కాదు తమ్ముడూ, పదకొండేళ్లుగా నాదీ ఇదే కథ. పేగు చూడ్డానికి బానే ఉంటది, దాని కదలికా నరాలే అతి చేస్తాయి, అందుకే స్కానింగ్‌లో దొరకదు. టెన్షన్ దాన్ని ఎగదోస్తది గానీ అదొక్కటే కారణం కాదు, నాకైతే ఓ పెళ్లిభోజనం తర్వాత వాంతులు విరేచనాలు పట్టుకుని, అవి తగ్గాక ఇది మిగిలింది. 3 నెలలుగా వారానికి కనీసం ఒకరోజు నొప్పి ఉండి, అది మోషన్‌తో ముడిపడి ఉండి, అసలు మొదలై 6 నెలలు దాటితే డాక్టర్లు ఐబీఎస్ అంటారు. ఇంతకీ పొద్దున ఏం తింటావ్?

దిల్‌సుఖ్‌నగర్ కుర్రాడు:
లేవగానే పెద్ద గ్లాసుడు టీ, స్టేషన్ కింద ఇరానీ చాయ్, ఉల్లిదోశ. మధ్యాహ్నం క్యాంటీన్ సాంబారు.

మల్కాజిగిరి అక్క:
ఓరి నాయనో. మీ ఇంట్లో కార్తీకమాసం పాటిస్తారా? ఆ నెల నీ కడుపు ఎలా ఉంది?

దిల్‌సుఖ్‌నగర్ కుర్రాడు:
అమ్మ నెలంతా ఉల్లి వెల్లుల్లి ముట్టదు, నాకూ డబ్బా కట్టిచ్చేది... అక్కా, ఆ నెల నిజంగానే బాగుంది! ఆఫీసుకీ రోజూ వెళ్లా.

మల్కాజిగిరి అక్క:
చూశావా. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఫ్రక్టాన్లనే ఒకరకం పిండిపదార్థాలు ఉంటాయి, మనకి అరగవు, పెద్దపేగులో పులిసి గ్యాస్ చేస్తాయి. మామూలోళ్లకి ఆ గ్యాస్ తెలీదు, మనకి కత్తి దించినట్టు ఉంటది. శనగలు, రాజ్మా, ఎక్కువ కందిపప్పు, పాలు కూడా కొందరికి ఇంతే. ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీ వాళ్లు తెచ్చిన లో ఫాడ్‌మ్యాప్ డైట్, అంటే ఇలా అరక్క పులిసేవి తగ్గించే తిండి, ఇదే. 4 వారాలు మానేసి, తర్వాత ఒక్కోటి వెనక్కి తెచ్చి చూసుకో, జన్మంతా మానకు. అన్నం నిశ్చింతగా తిను, పాల బదులు పెరుగు చాలామందికి పడుతది.

వెల్లుల్లి వాసన లేకపోతే ముద్ద దిగదంటావా, నాలుగు రెబ్బలు నూనెలో ఎర్రగా వేయించి తీసి పారేసి అదే నూనెలో ఆవాలు జీలకర్ర పోపు పెట్టించు, ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి గానీ నూనెలో కరగవు. పప్పులో ఉడికించి ఏరేస్తే మాత్రం లాభం లేదు, అప్పటికే పప్పులోకి దిగిపోతాయి.

ఉప్పల్ మెడికల్ షాప్ అన్న:
అక్క చెప్పింది కరెక్టే, రెండు ముక్కలు కలుపుతా. గోధుమ మానకముందే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) రక్తపరీక్ష అయిందో లేదో చూసుకో, మానేశాక చేస్తే సరిగ్గా తేలదు. మోషన్‌లో రక్తం, బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్, వీటిలో ఏదున్నా ఇక్కడ అడగొద్దు, గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి మళ్లీ పో. ఇంకోటి, ఈ జబ్బుకి అమిట్రిప్టిలిన్ 10 ఎంజీ రాస్తే జనం గూగుల్ చేసి "డిప్రెషన్ మందు ఇచ్చారు" అని తెచ్చి వాపస్ ఇస్తరు నాకు! తక్కువ డోసులో అది పేగు నరాల నొప్పికి ఇస్తారన్నా.

కొత్తపేట మిత్రుడు:
మా తాతగారి త్రిఫల కషాయం రోజూ తాగితే అన్నీ పోతాయి.

మల్కాజిగిరి అక్క:
అన్నీ పోతాయి, అందులో డౌట్ లేదు, అసలే మూడుసార్లు పోతున్నాడు పాపం. ఐబీఎస్‌లో మలబద్ధకం రకం వాళ్లమే ఇసబ్‌గోల్ కూడా చెంచాడు చొప్పున మొదలుపెట్టి నీళ్లు బాగా తాగుతాం.

దిల్‌సుఖ్‌నగర్ కుర్రాడు:
అమ్మకి చెప్పా. "దీనికి అంత పెద్ద పేరెందుకురా, కార్తీకం ఇంకో నెల వచ్చిందనుకుంటా" అంది. చాయ్ మాత్రం ఒక్కటైనా ఉంచొచ్చా అక్కా?

మల్కాజిగిరి అక్క:
ఒక్కటి, పలచగా, టిఫిన్ తిన్నాక. అదీ మెట్రో దిగాక.