‘ఉన్నది ఉన్నట్టుగా’ అని అగ్రిమెంట్‌లో రాస్తే సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న (కర్నూలు): పాతబస్తీలో, తుంగభద్రకు దగ్గరలో ఒక పాత మిద్దె ఇల్లు చూశాం. ధర కుదిరింది. డాక్యుమెంట్ రైటర్ తెచ్చిన అగ్రిమెంట్‌లో “కొనుగోలుదారు ఇల్లు చూసుకుని, తృప్తిపడి, ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నారు. ఇకమీదట ఏ లోపానికీ అమ్మినవారికి బాధ్యత లేదు” అని ఉంది. ఏమయ్యా ఇది అంటే, “అందరికీ ఇట్లే రాస్తాం సార్” అంటున్నాడు. ఇంకో సంగతి, కింది గదిలో నడుమెత్తు వరకే కొత్తగా రంగు వేసినారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ రంగు సంగతి తేల్చుకోండన్నా. గోడను వేళ్లతో తట్టి చూడండి. డొల్లగా మోగితే పూత పట్టు వదిలినట్టే, లోపల చెమ్మ ఉండొచ్చు. 2009 అక్టోబర్ వరదలో ఆ వీధిలోకి నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఇరుగుపొరుగును అడగండి, ఇంటివాళ్లను కాదు. మేస్త్రీని తీసుకుపోయి పునాది, స్లాబు చూపించండి.

ఇక ఆ వాక్యం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం, అమ్మేవాళ్లకు తెలిసి, మామూలు జాగ్రత్తతో చూసినా మీకు కనబడని పెద్ద లోపం ఉంటే వాళ్లే చెప్పాలి. అది ఇంటిలో లోపమైనా, హక్కులో లోపమైనా సరే. చెప్పకపోతే మోసం కిందికి వస్తుంది. కాకపోతే ‘ఒప్పందంలో వేరేగా లేకుంటే’ అనే మాటతోనే ఆ సెక్షన్ మొదలవుతుంది. మీకు తగులుకునేది అక్కడే. తెలిసి దాచిన మోసాన్ని ఏ వాక్యమూ కప్పలేదు గానీ, వాళ్లకు తెలుసని కోర్టులో రుజువు చేయాల్సింది మీరే. ఏళ్లు పడుతుంది.

అందుకని దాన్ని ఇట్లా మార్పించండి: “కంటికి కనబడే స్థితి వరకే ఉన్నది ఉన్నట్టుగా. హక్కులు, అప్పులు, పన్ను బకాయిలు, అమ్మేవారికి తెలిసిన లోపాలకు ఇది వర్తించదు.” ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు) చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

ఇంకొకరు (అనంతపురం): అమ్మేవాళ్ల బాధ కూడా వినండి. రిజిస్ట్రేషన్ అయిన ఏడాదికి బోరు ఎండింది, డబ్బు తిరిగియ్యి అని ఫోన్లు! మన ఊర్లో బోరుకు గ్యారంటీ ఎవరిస్తారు?

జవాబు: నిజమే సార్. అమ్మేవాళ్లు ఆ గుండుగుత్త వాక్యాన్ని నమ్ముకోవడం కంటే, తెలిసినవన్నీ రాసిపెట్టుకోవడం మేలు. “ఎండాకాలం బోరులో నీళ్లు తగ్గుతాయి, వంటింటి స్లాబు వానకు కారుతుంది” అని రాసి కొనేవాళ్లతో సంతకం పెట్టించుకుంటే, నాకు చెప్పలేదు అని రేపు ఎవరూ అనలేరు. ధర ఒక పిసరు తగ్గుతుందేమో గానీ టెన్షన్ ఉండదు. బిల్డర్ దగ్గర కొత్త ఫ్లాట్ అయితే లెక్క వేరు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ)లో నమోదైన ప్రాజెక్టయితే ఇల్లు అప్పజెప్పిన నాటినుంచి 5 ఏళ్లలోపు మీరు చూపించిన నిర్మాణ లోపాలను బిల్డరే బాగుచేయాలి.

ప్రశ్న (కడప): బ్యాంకు వేలంలో ఒక ఇల్లు ఉంది. నోటీసులో ఇదే మాట ఉంది. బ్యాంకుతో మార్పించుకోవచ్చా అన్నా?

జవాబు: ఆ ఆశ పెట్టుకోవద్దు. సర్ఫేసీ (బాకీ పడ్డవాళ్ల తాకట్టు ఆస్తిని బ్యాంకు అమ్ముకునే చట్టం) వేలాల్లో ‘ఎక్కడున్నది అక్కడే, ఉన్నది ఉన్నట్టే’ అనేది మామూలు షరతు. ఇంట్లో ఎవరైనా ఉంటున్నారా, స్వాధీనం బ్యాంకు చేతిలో ఉందా, కాగితాల మీదేనా అన్నది ముందే కనుక్కోండి. పాత కరెంటు బకాయిలు కూడా మెడకు చుట్టుకోవచ్చు. నిబంధనల్లో ఉంటే వాటిని కొత్త యజమాని నుంచి వసూలు చేయవచ్చని 2023 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇట్లాంటి షరతుతో వేలంలో కొన్నవాళ్లు బకాయిలు ముందే విచారించుకోవాల్సిందే అని కూడా అంది. సర్వీసు నంబరు పట్టుకుని కరెంటాఫీసుకు, ఇంటి పన్ను, నీటి పన్ను కోసం మున్సిపాలిటీకి పోయి అడిగి, ఆ మొత్తాలు తీసేసుకుని పాట ఎంతవరకు పాడాలో లెక్క వేసుకోండి.